తీరని దప్పిక: రెండు మేహములు

ఎండలో తిరిగి వచ్చినవాడు చెంబెడు నీళ్లు త్రాగును, దప్పిక తీరును. కొందరికి మాత్రము ఎంత త్రాగినను తీరదు. త్రాగిన నీరు ఒంట నిలువదు. రాత్రివేళ సైతము పలుమారులు మూత్రమునకు లేవవలసి వచ్చును. గ్రీకు వైద్యులు ఈ వ్యాధికి పెట్టిన డయాబిటీస్ అను పేరునకు 'గుండా పోవునది' అని అర్థము. గొట్టములోనుండి పోయినట్లు శరీరములోనుండి నీరు పోవునని వారి భావము. మన ఆయుర్వేద వైద్యులు మరికొంత నిశితముగా చూచిరి. రోగి మూత్రమునకు చీమలు పట్టుట గమనించి మధుమేహమనిరి. నీటివలె తేటగా పోవుదానిని ఉదకమేహమనిరి. ఐరోపా వైద్యులును తరువాత ఈ భేదమునే, తేనెవంటిదని అర్థమిచ్చు మెల్లిటస్, చప్పనిదని అర్థమిచ్చు ఇన్సిపిడస్ అను లాటిను మాటలతో చెప్పిరి.

పైకి కనబడు లక్షణ మొక్కటియే. లోపల చెడిన గ్రంథులు వేరు.

మూత్రపిండముల పని తెలిసిననే ఈ భేదము బోధపడును. రోజునకు దాదాపు 180 లీటర్ల ద్రవము రక్తమునుండి వడగట్టబడి, మూత్రపిండములలోని సన్నని నాళికలలోనికి దిగును. మనము విసర్జించునది సుమారు 1.5 లీటరు మాత్రమే. తక్కిన నీటిని, దానిలోని చక్కెరను నాళికల గోడలు పీల్చి మరల రక్తమునకు చేర్చును. పండుగకు ముందు ఇల్లు కడుగు గృహిణి సామానంతయు అరుగుమీద పెట్టించి, చెత్త ఏరివేసి, పనికివచ్చువానిని తిరిగి లోనికి చేర్చుకొనును గదా! మూత్రపిండముల పద్ధతియు నట్టిదే.

ఆరోగ్యవంతుని రక్తములో పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్లకు 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉండును. రక్తము మొత్తము 5 లీటర్లనుకొన్నచో, గ్లూకోజు సుమారు 5 గ్రాములకు మించదు. అనగా ఒక చిన్న చెంచాడు. పళ్లెమెడు అన్నమునుండి దీనికి పది రెట్లకు మించిన గ్లూకోజు పుట్టును. అయినను రక్తములోని చక్కెర ఆ మేరకు పెరుగదు. జీర్ణకోశము వెనుకనున్న క్లోమములో, 1869లో లాంగర్‌హాన్స్ మొదట గుర్తించిన చిన్న కణద్వీపములు కలవు. అన్నము తిన్న వెంటనే వానిలోని బీటా కణములు ఇన్సులిను అను హార్మోనును రక్తములోనికి వదలును.

ఇన్సులినును తాళపుచెవితో పోల్చుట పాఠ్యపుస్తకములలో పరిపాటి. కండరముల తలుపు తెరచి గ్లూకోజును లోనికి పంపునని చెప్పుదురు. పోలిక తప్పు కాదు గాని సగమే చెప్పును. కాలేయము తనంత తానుగా గ్లూకోజును తయారుచేసి రక్తములోనికి వదలుచుండును. దానిని అదుపులో నుంచునది ఇన్సులినే. క్రొవ్వు కరగిపోకుండ ఆపునదియు నదే. ఇన్సులిను లేనిచో కండరములు ఆకలిగొని యుండగా, శరీరము పస్తులున్నదని భ్రమపడి, కాలేయము మరింత చక్కెరను గుమ్మరించును. రక్తములో చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినంతనే, నాళికలు దానినంతయు తిరిగి పీల్చుకొనలేవు. మిగిలిన చక్కెర మూత్రములో నిలిచి, తనతో నీటిని పట్టి యుంచును. అందుచేత మూత్రము పెరుగును. నీరు పోవుటచేత దప్పిక పుట్టును. నీళ్లు ఎక్కువ త్రాగుటచేతనే మూత్రము ఎక్కువగుచున్నదనుకొనుట కార్యకారణములను తారుమారు చేయుటయే.

ఇక కరగిన క్రొవ్వునుండి కీటోను ఆమ్లములు పుట్టి రక్తమును ఆమ్లపూరితము చేయును. ఊపిరి లోతుగా, వేగముగా ఆడును; మాగిన పండ్ల వాసన వేయును. చికిత్స లేనిచో స్పృహ తప్పును, ప్రాణము పోవును.

క్లోమమునకు ఈ వ్యాధితో గల సంబంధము అనుకొనకుండ బయటపడినది. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకౌస్కీ, ఫాన్ మేరింగ్ అనువారు ఒక కుక్క క్లోమమును తొలగించిరి. చక్కగా అలవాటు చేయబడిన ఆ కుక్క గదిలోనే మాటిమాటికి మూత్రము విడువసాగెను. మింకౌస్కీ పరీక్షింపగా అందులో చక్కెర కనబడెను. 1921లో టొరాంటోలో, మెక్లియడ్ ప్రయోగశాలయందు, బాంటింగు, బెస్టు అనువారు క్లోమపు సారమును తీసి, క్లోమము లేని కుక్కల చక్కెరను తగ్గించిరి. అంతవరకు ఈ వ్యాధి గల పిల్లలకు కడుపు మాడ్చుటయే చికిత్స. దానితో కొన్నాళ్లు బ్రతుకు పొడిగెడిది. 1922 జనవరి 11న 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సనునకు ఆ సారమును సూదిద్వారా ఎక్కించిరి. అది శుద్ధమైనది కాదు. గుచ్చినచోట గడ్డ లేచెను. కాలిప్ అను రసాయనజ్ఞుడు శుద్ధిచేసిన సారమును జనవరి 23న మరల ఇచ్చిరి. ఈసారి చక్కెర బాగుగా దిగెను. ఆ బాలుడు మరి 13 సంవత్సరములు జీవించెను.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఇన్సులిను బొత్తిగా లోపించు మొదటి రకపు మధుమేహము తరచు బడి వయసులోనే బయటపడును. బాగుగా తినుచునే చిక్కిపోవు పిల్లవాడు, పాఠము నడుమ పలుమారులు బయటకు పోవ ననుమతి అడుగువాడు, చాలకాలము క్రిందనే మానిన ప్రక్క తడుపు అలవాటు తిరిగి వచ్చినవాడు అల్లరివాడు కాకపోవచ్చును. అతని రక్తమును ఆనాడే పరీక్షింపజేయవలెను. కొద్దిరోజుల ఆలస్యమే ప్రాణాంతకము కావచ్చును. సూది మందు తీసికొను పిల్లలలో దీనికి విరుద్ధమైన అపాయము కలదు. ఆటల తరువాత చక్కెర మరీ తగ్గి, చెమట పట్టి, చేతులు వణకి, మాట తడబడును. స్పృహలో నున్నచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇయ్యవలెను. స్పృహ తప్పినవానికి నోట ఏమియు పోయరాదు. వెంటనే వైద్యుని కడకు చేర్చవలెను.

పెద్దలలో సాధారణముగా చూచునది రెండవ రకము. ఇందులో ఇన్సులిను ఉండియు కణములు దానిని సరిగా లెక్కచేయవు. ఇది నెమ్మదిగా కండ్లను, మూత్రపిండములను, పాదముల నాడులను చెరచును. 2023లో ప్రకటింపబడిన అఖిల భారత పరిశోధన ప్రకారము మన దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైగా నున్నారు.

ఉదకమేహములో చక్కెర ప్రసక్తియే లేదు. మెదడు అడుగున పీయూష గ్రంథి వెనుక భాగమునుండి వెలువడు వాసోప్రెస్సిను, నీటిని తిరిగి పీల్చుకొనుమని మూత్రపిండములకు చెప్పును. తొమ్మిది ఆమినో ఆమ్లముల చిన్న అణువది. అది లోపించినచో, లేదా మూత్రపిండములు దాని మాట వినకున్నచో, మూత్రము రోజునకు 15 లీటర్ల వరకు పోవచ్చును. వాసోప్రెస్సినును పోలిన డెస్మోప్రెస్సిను ఇచ్చిన, లోపము గలవారికి దప్పిక శాంతించును. అయితే ఇందులో పేరే ఒక ప్రమాదమైనది. ఆసుపత్రులలో డయాబిటీస్ అను మాట చూచి, దీనిని చక్కెర జబ్బుగా భావించి, కొందరు రోగులకు రక్తములో చక్కెర చూచి ఊరకుండిరి. డెస్మోప్రెస్సిను ఇయ్యక మానిరి. అట్లు ప్రాణములు పోయిన సందర్భములు కలవు. అందుచే 2022లో వివిధ దేశముల అంతఃస్రావశాస్త్ర సంఘములు ఆ పాత పేరు విడిచి, వాసోప్రెస్సిను లోపము, వాసోప్రెస్సిను నిరోధము అను క్రొత్త పేర్లను సూచించినవి.