మూత్రపిండ క్యాన్సర్ చికిత్స, అనంతర పర్యవేక్షణ: రోగి భాష దృష్ట్యా ఒక పరిశీలన

ప్రజాకవి కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు మడికొండ. వరంగల్‌లోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే ఉంది. జనం మాట్లాడే మాటకు గౌరవం దక్కాలన్న ఆయన తపన వైద్యరంగంలో ఇంకా నెరవేరలేదు. మూత్రపిండ క్యాన్సర్ విషయంలో ఈ లోటు రోగి ప్రాణానికే ముప్పు తేగలదు.

నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే ‘వేడి చేసింది’ అనుకొని బార్లీ నీళ్లు తాగడం మనకు అలవాటు. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు తగ్గవచ్చు. రక్తస్రావం వచ్చి పోతూ ఉండడం ఈ వ్యాధి స్వభావం. అందులో బార్లీ గొప్పతనమేమీ లేదు.

గడ్డ మూత్రపిండానికే పరిమితమైనప్పుడు ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే. 1869లో హైడల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ ఒక రోగి మూత్రపిండాన్ని తొలగించి, మిగిలిన ఒక్కదానితో మనిషి జీవించగలడని చూపాడు. నేడు నాలుగు సెంటీమీటర్లలోపు గడ్డ అయితే, వీలైనంతవరకు గడ్డ ఉన్న భాగాన్నే తీసి మిగతా మూత్రపిండాన్ని కాపాడుతారు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. ‘కీమో ఎందుకు ఇవ్వలేదు?’ అని బంధువులు అడుగుతుంటారు. సాధారణ కీమోథెరపీకి ఈ క్యాన్సర్ అంతగా లొంగదు. వ్యాధి వ్యాపించినవారికి 2006లో అమెరికాలో అనుమతి పొందిన సునిటినిబ్ వంటి లక్ష్యిత ఔషధాలు, 2015 నుండి నివోలుమాబ్ వంటి రోగనిరోధక ఔషధాలు ఆధారమయ్యాయి.

అసలు చిక్కు ఆ తరువాతే. ‘గడ్డ తీసేశారు’ అనే మాటలో పని ముగిసిందన్న ధ్వని ఉంది. కాని ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో, కాలేయంలో వ్యాధి మళ్లీ కనిపించవచ్చు. కొందరిలో ఐదేళ్లు దాటాక కూడా. అందుకే వ్యాధి దశనుబట్టి తొలి ఏళ్లలో తరచుగా, ఆపై ఏడాదికోసారి ఛాతీ, పొట్ట స్కానింగు, క్రియాటినిన్ పరీక్ష, రక్తపోటు కొలత అవసరం. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వాడరాదు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. నొప్పే లేనప్పుడు ఎందుకు వెళ్లాలన్న ప్రశ్న సహజమే.

దీనికి ‘అనుసరణ’ వంటి నిఘంటు పదం జవాబు కాదు. ‘చెకప్’ అంటే, వీలుంటే వెళ్లేదన్న భావం వస్తుంది. పదంకన్నా వాక్యమే మేలని నా అభిప్రాయం: ‘గడ్డ తీశాం. అది మళ్లీ రావచ్చు. నొప్పి లేకున్నా ఈ తేదీన రావాలి.’ ఇంగ్లీషులో ఉండే డిశ్చార్జి కాగితం పైన ఈ మూడు ముక్కలు తెలుగులో రాయడానికి అర నిమిషం చాలు.