జైలు నుంచి వచ్చాక ఉద్యోగం: పని నేర్పితే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఒక సూటి ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. జైలు శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన మనిషికి వడ్రంగమో, కరెంటు పనో నేర్పిస్తే ఉద్యోగం వచ్చేస్తుందా? "చేతిలో పనుంటే ఎవరైనా బతుకుతారు" అని మనలో చాలామంది అంటుంటాం. అందులో నిజం సగమే ఉందండి. మిగతా సగం ఏమిటో చూద్దాం.

శిక్ష కోర్టు చెప్పిన రోజుతో అయిపోతుంది. కానీ "మధ్యలో ఈ నాలుగేళ్లు ఏం చేశారు?" అని యజమాని అడిగే ప్రశ్న అయిపోదు. పని ఎంత బాగా వచ్చినా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఇంట్లో ఖర్చులు ఆగవు, పని దొరకదు, పాత స్నేహితులు మాత్రం ఫోన్ చేస్తూనే ఉంటారు. అందుకే విడుదలైన మొదటి కొన్ని నెలలు చాలా కీలకం.

హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకు ఉంది కదా. మీలో కొందరు అక్కడ పెట్రోల్ కొట్టించుకునే ఉంటారు. తెలంగాణలో ఇలాంటి బంకుల్లో ఖైదీలు, విడుదలైనవాళ్లు పనిచేస్తారు. ఇప్పుడు ఆలోచించండి. పెట్రోల్ కొట్టడం నేర్చుకోవడానికి ఎన్ని రోజులు కావాలి? పెద్దగా అక్కర్లేదు. అక్కడ అసలు శిక్షణ వేరే ఉంది. రోజంతా చేతిలో డబ్బు ఆడుతుంది, సాయంత్రానికి లెక్క సరిపోవాలి. ఆరు నెలలు పైసా తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన మనిషి గురించి రేపు ఇంకో యజమానికి చెప్పడానికి ఒక మంచి మాట ఉంటుంది. నైపుణ్యం ఒక్కటే చాలదు, నమ్మకానికి ఒక రుజువు కావాలి అంటున్నది ఇందుకే.

ఇదే ఆలోచనను చాలా ఏళ్లుగా నడిపిస్తున్న సంస్థ అమెరికాలో ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లో గ్రెగ్ బాయిల్ అనే ఫాదర్ 1988లో మొదలుపెట్టిన పని తర్వాత హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్‌గా పెరిగింది. గ్యాంగుల నుంచి, జైళ్ల నుంచి బయటికి వచ్చినవాళ్లను సుమారు 18 నెలలు జీతమిచ్చి పెట్టుకుంటారు. బేకరీలో, కేఫ్‌లో పని నేర్పుతారు. ఒంటిమీద గ్యాంగు పచ్చబొట్లు ఉంటే ఉచితంగా తీసేస్తారు. జీతం ఎందుకంటే, నేర్చుకునే రోజుల్లో కూడా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! పచ్చబొట్టు ఎందుకంటే, మనిషి నోరు తెరవకముందే అది పాత కథ చెప్పేస్తుంది.

సరే, మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఇలాంటి పరిస్థితి ఉంటే ఏం చేయాలి? నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, కోర్సు ఎంచుకునే ముందే ఉద్యోగం గురించి ఆలోచించండి. సెక్యూరిటీ గార్డు లాంటి పనులకు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. టైలరింగ్, ప్లంబింగ్, మోటార్ మెకానిక్ లాంటివైతే సొంతంగా కూడా చేసుకోవచ్చు.

రెండు, జైల్లో ఉండగానే చదువు మొదలుపెట్టొచ్చు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో లాంటివి జైళ్లలో కూడా స్టడీ సెంటర్లు నడుపుతున్నాయి. బయట చదివినవాళ్లకు వచ్చే డిగ్రీయే వీళ్లకూ వస్తుంది.

మూడు, దరఖాస్తులో కేసు గురించి అడిగితే దాచొద్దు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయం మాట్లాడింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదని కూడా అంది. అంటే నిజం చెప్పడం గ్యారంటీ కాదు. కానీ దాచిపెట్టి చేరితే, తర్వాత బయటపడిన రోజు ఉన్న ఉద్యోగమూ పోవచ్చు.

నాలుగు, చట్టం ఇచ్చిన రక్షణ ఉందేమో కనుక్కోండి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు విడిచిపెట్టినవాళ్లకు ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత ఉండదని 12వ సెక్షన్ చెబుతుంది. మైనరుగా ఉన్నప్పటి కేసైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ కూడా, కొన్ని మినహాయింపులతో, ఇలాంటి రక్షణే ఇస్తుంది. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగండి.

చివరగా షాపులు, వర్క్‌షాపులు నడిపేవాళ్లకి ఒక మాట. మొదటి రోజే గల్లాపెట్టె తాళాలు ఇవ్వమని ఎవరూ అడగట్లేదండి. మూడు నెలలు చిన్న పని ఇచ్చి చూడండి. నచ్చితే కొనసాగించండి, నచ్చకపోతే ఎవరికైనా చెప్పినట్టే వద్దని చెప్పండి. ఆ మూడు నెలల అవకాశం ఇచ్చేవాళ్లు లేకపోతే, ఎంత మంచి శిక్షణైనా కాగితం మీదే ఉండిపోతుంది.