అటక మీది ఆటపెట్టెలో తోడి రాగం

వీడియో గేమ్ అన్న మాట వినగానే పెద్దవాళ్ళు మొహం చిట్లించుకోవడం మామూలే. పిల్లల కళ్ళు పోతాయనీ, చదువు అటకెక్కుతుందనీ 1990ల్లో మనమంతా తిట్టిపోసిన పెట్టె అది. చివరికి చదువు సంగతి ఎలా ఉన్నా పెట్టే అటకెక్కింది. మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లు కొందరికైనా గుర్తుండాలి. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్. మీ ఇంట్లో అలాంటిది ఇంకా ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఈ వ్యాసం ఒకసారి చదవమని మనవి.

మాది చూలై. తమిళంలో ఆ మాటకి బట్టీ అని అర్థం. సెంట్రల్ స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం. స్టేషన్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయేదాకా, పాత రేడియోలన్నా పాత హార్మోనియాలన్నా మా కాళ్ళు అటే వెళ్ళేవి. నేను ఉద్యోగమంతా టెలిఫోన్ల శాఖలో చేశాను కనుక సాల్డరింగ్ ఐరన్ ఈనాటికీ ఇంట్లో చేతికి అందేచోటే ఉంటుంది. మా ఆవిడ నలభై ఏళ్ళుగా ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెబుతోంది. మా అబ్బాయి పదో తరగతి పాసైనప్పుడు బర్మా బజారులో బేరమాడి కొన్న ఆటపెట్టెను, ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు మొన్న వేసవి సెలవుల్లో అటక మీంచి దింపింది. దుమ్ము దులుపుతూనే, “తాతయ్యా, మామయ్య పెట్టెలో వాయిద్యం ఉంది తెలుసా?” అంది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ పిల్ల పదో ఏట గీతాల దాకా నేర్చుకుని సంగీతం మానేసింది. అమ్మమ్మ అడగడం మానేసింది, మనవరాలు చెప్పడం మానేసింది. ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు.

వాయిద్యం ఉందన్న మాట కొత్తదేమీ కాదట. ప్రపంచంలో చాలాచోట్ల చాలామంది ఆటపెట్టెలను ఇలా వాడుతున్నారు. జర్మనీలో ఒలివర్ విట్చౌ అనే ఆయన 1998 నాటికే గేమ్ బాయ్‌లో పాటలు కట్టుకునే నానోలూప్ అనే క్యాసెట్ తయారుచేశాడు. 2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్‌స్కీ అదే గేమ్ బాయ్‌కి ఎల్.ఎస్.డి.జె. అనే ప్రోగ్రాం వ్రాశాడు. జేబులో పట్టే ఆ బొమ్మతో వేదికలెక్కి కచేరీలు చేసేవాళ్ళు బయల్దేరారు. అమెరికాలో పాల్ స్లోకమ్ 2002లో, 1977 నాటి అటారీ పెట్టెకి సింత్‌కార్ట్ అనే క్యాసెట్ చేశాడు. అన్నిటికన్నా నాకు నచ్చినది స్వీడన్‌లోనే లైనస్ ఓకెసన్ 2022లో చూపించిన అకార్డియన్. రెండు కమొడోర్ 64 కంప్యూటర్లను చెరో పక్కన పెట్టి, మధ్య గాలితిత్తిని పాత ఫ్లాపీ డిస్కులు అతికించి చేశాడు. ఫ్లాపీలు పారేసినవాళ్ళమంతా కాసేపు విచారించవలసిన విషయం.

సరే, మన పెట్టె సంగతికి వద్దాం. ఆ తెల్లడబ్బాలు జపానులో నింటెండో కంపెనీ 1983లో విడుదల చేసిన ఫామికామ్‌కి నకళ్ళు. మసయుకి ఉఎమురా అనే ఇంజనీరు ఆధ్వర్యంలో రూపొందింది అది. అందులో లెక్కలు చేసే చిప్పులోనే శబ్దం పుట్టించే భాగమూ ఉంది. అయిదు గొంతులు. రెండు గొంతులు చతురస్ర తరంగాలవి, కాస్త సన్నాయిలా, కాస్త హార్మోనియంలా ముక్కుతో పలుకుతాయి. మూడోది త్రికోణ తరంగం, మెత్తగా వేణువులా ఉంటుంది. నాలుగోది ఉత్త హోరు. ఆటల్లో పేలుళ్ళూ, పాటల్లో తాళమూ దానివే. అయిదోది ముందే రికార్డు చేసిన చిన్నచిన్న చప్పుళ్ళను వినిపిస్తుంది.

స్వరం ఎలా పుడుతుందో చెప్తాను. కష్టమేమీ లేదు, భాగహారం వస్తే చాలు. జపాను పెట్టెలోని గడియారం సెకనుకు 17,89,773 సార్లు కొట్టుకుంటుంది. చతురస్ర గొంతులో దాన్ని ముందు 16తో భాగిస్తారు. ఆ వచ్చినదాన్ని మనం ఇచ్చిన సంఖ్యతో మళ్ళీ భాగిస్తే, సెకనుకు ఎన్ని కంపనాలో వస్తుంది. మనం 570 ఇచ్చామనుకోండి, సుమారు 196 వస్తుంది. అంటే ఆడవాళ్ళు పాడే అయిదు శ్రుతి షడ్జం. 380 ఇస్తే దాని పంచమం. 570కీ 380కీ నిష్పత్తి 3:2, వెంట్రుకవాసి తేడా లేదు. బజారులో దొరికే కీబోర్డు పంచమం కూడా అంత శుద్ధం కాదు, దాన్ని పాశ్చాత్య పద్ధతిలో ఒక పిసరు తగ్గించి ఉంచుతారు. మన టీవీలకు తగ్గట్టు చేసిన నకలు పెట్టెల్లో గడియారం కాస్త నెమ్మది కనుక శ్రుతి మొత్తంగా కొద్దిగా దిగుతుంది. నిష్పత్తి మాత్రం చెక్కు చెదరదు.

ఇలా ఇవ్వగల సంఖ్యలు 2048 ఉన్నాయి. అయిదు శ్రుతి షడ్జం నుంచి శుద్ధ రిషభం చేరేలోపలే 32 మెట్లున్నాయి. ఈ లెక్క వేసి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకంటే పాత అటారీ పెట్టెలో ఒక గొంతుకి మొత్తం కలిపి ఉన్న మెట్లే 32. దాని మీద సరళి వరుస కూడా శ్రుతిలో రాదు. ఫామికామ్‌లో అన్ని మెట్లు ఒక్క అరస్వరం మధ్యలోనే ఉన్నాయి. మరి ఆటల పాటలన్నీ పియానోలా టకటకా ఎందుకు పలికేవి? ప్రోగ్రాం వ్రాసేవాళ్ళు పియానో స్వరాల పట్టిక ఒకటి పెట్టుకుని అందులోంచి ఏరుకునేవాళ్ళు కాబట్టి. మెట్లు కట్టింది మనుషులు. చిప్పుకి స రి గ మలూ తెలియవు, పియానో బిళ్ళలూ తెలియవు.

సంగీతం తెలిసినవాళ్ళకి దీని విలువ వెంటనే తడుతుంది. హార్మోనియం మీద మన పెద్దల ఫిర్యాదు ఏమిటి? స్వరం నుంచి స్వరానికి జారదు, గమకం పలకదు అనేగా. ఆ కారణాలు చూపే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలివేసి, 1971 దాకా గుమ్మం ఎక్కనివ్వలేదు. అలాగని పరాయి వాద్యాలన్నిటినీ వెలివేశామా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపావాళ్ళ వయొలిన్ నేర్చుకుని మన కచేరీకి తెచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని పక్కవాద్యం నుంచి లేపి నడివేదిక మీద కూర్చోబెట్టారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్, 1978లో గుడివాడలో పసివాడిగా వేదికెక్కి, మాండొలిన్‌తో ఏం చేశాడో మనందరికీ తెలుసు. మామూలు మాండొలిన్ నాదం మీటగానే ఆరిపోతుంది. విద్యుత్తు తగిలిస్తే నాదం నిలిచింది, నిలిచిన నాదాన్ని వేలితో ఊపవచ్చు. అడగవలసిన ప్రశ్న వాద్యం ఏ దేశానిదని కాదు, ఊపితే ఊగుతుందా అని.

ఇది ఊళ్ళకు దూరంగా ఉన్న మన కుటుంబాలకు మరీ దగ్గరి ప్రశ్న. గురువు దొరక్క, దొరికినా వారానికి ఒక్కసారి ఫోనులో పాఠం చెప్పించుకుని, మిగతా రోజులు పిల్లల చేత కీబోర్డు మీద సాధన చేయించే ఇళ్ళు ఎన్నో. ఆ పిల్లలకు తోడి గాంధారం అంటే ఒక నల్లబిళ్ళో తెల్లబిళ్ళో. తోడి గాంధారం ఒక చోటు కాదు, రిషభం మీంచి మధ్యమం దాకా ఊగే ఉయ్యాల. బిళ్ళ నొక్కి విన్నది తోడి అనుకుంటే, చెవి అక్కడే మొద్దుబారుతుంది. కీబోర్డు మీద కూడా ఒక చిన్న చక్రం తిప్పి స్వరాన్ని వంచి కచేరీలు చేసే విద్వాంసులున్నారు, కాదనను. వాళ్ళు ముందు గొంతుతో నేర్చుకుని వచ్చినవాళ్ళు.

మనవరాలు మెమరీ కార్డు పట్టే ఒక ఖాళీ క్యాసెట్ తెప్పించి, ప్రోగ్రాం తనే వ్రాసింది. రెండు చతురస్ర గొంతుల్లో ఒకటి షడ్జం, ఒకటి పంచమం ఆపకుండా పలుకుతూ తంబురా పని చేయాలి అనుకుంది. కానీ పాటకి కూడా చతురస్ర గొంతే బాగుంటుందని మొదట పంచమం తీసేసి, ఆ గొంతునే పాటకి వాడింది. జాయ్‌స్టిక్ మీద నాలుగు దిక్కులు, సెలెక్ట్, స్టార్ట్, బి, ఎ: లెక్కపెడితే ఎనిమిది మీటలు. స నుంచి పై స దాకా ఎనిమిది స్వరాలు. ఎవరో మనకోసమే చేసినట్టు సరిపోయింది. అయితే దాన్ని పట్టుకోవడానికే రెండు చేతులూ కావాలి, ఇక గమకం వేయడానికి చెయ్యి మిగలదు. గమకాన్ని రెండో జాయ్‌స్టిక్‌కి ఇచ్చింది. పై మీట నొక్కిపడితే స్వరం పైకి జారుతుంది, వదిలితే దిగుతుంది. అంటే ఈ వాయిద్యానికి ఇద్దరు మనుషులు కావాలి.

రెండో జాయ్‌స్టిక్ ముందు నా చేతికి వచ్చింది. రెండు నిమిషాల్లో మా ఆవిడ లాక్కుంది. మా అబ్బాయి ఆడిన రోజుల్లో దుమ్ము తుడవడానికి తప్ప ఆమె దాన్ని ముట్టుకుని ఎరుగదు.

తోడి మొదలుపెట్టారు. గాంధారం ఊపిన ప్రతిసారీ ‘టిక్, టిక్’ అని చప్పుడు. “ఎవరే మధ్యలో చిటికెలు వేసేది?” అంది మా ఆవిడ. నేను మీటలో రబ్బరు పోయిందనుకుని పెట్టె విప్పడానికి లేచాను. పిల్ల లెక్కలు తీసింది. అసలు సంగతి ఇదీ: ఆ చిప్పు మనం ఇచ్చే సంఖ్యను రెండు ముక్కలుగా తీసుకుంటుంది. సంఖ్య 256, 512 వంటి గడులు దాటినప్పుడల్లా పెద్దముక్కను మళ్ళీ వ్రాయాలి. అలా వ్రాస్తే చతురస్ర తరంగం మొదటినుంచి ప్రారంభమవుతుంది, ఆ కుదుపే టిక్కుమంటుంది. 512 దగ్గరి స్వరం, అయిదు శ్రుతిలో సరిగ్గా రిషభానికీ గాంధారానికీ నడుమ పడింది. మోహనం వాయించుకుంటూ కూర్చుంటే ఈ చప్పుడు అంతగా బయటపడేది కాదు. తోడి గాంధారం మాత్రం ఊగినప్పుడల్లా ఆ గడప తొక్కి తీరుతుంది.

శ్రుతి మార్చేద్దామని పిల్ల. నా గొంతు అయిదు శ్రుతి, పెట్టె కోసం మార్చనని అమ్మమ్మ. ఇద్దరిలో ఎవరి పట్టుదల ఎవరికి వచ్చిందో నేను చెప్పను. చివరికి దారి దొరికింది. త్రికోణ గొంతుకు ఈ జబ్బు లేదు, గడప దాటినా తరంగం తెగదు. పాటను అక్కడికి మార్చి, చతురస్ర గొంతులు రెండింటినీ తంబురాకు వదిలేసింది. టిక్కు పోయింది. బదులు ఇంకో లోటు వచ్చింది. త్రికోణ గొంతుకి హెచ్చుతగ్గులు లేవు, పలుకుతుంది లేదా ఊరుకుంటుంది. మా ఆవిడ తీర్పు: “ఊగుతోంది కానీ ఊపిరి లేదు.” అది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కచేరీకి పనికొచ్చే వాద్యం కాదు ఇది.

కానీ ఆ గాంధారానికి ఎంత ఎత్తు, ఎంత వేగం, మధ్యమాన్ని తాకాలా, తాకీ తాకకుండా వెనక్కి రావాలా, ఇదంతా ప్రోగ్రాంలో సంఖ్యలుగా వ్రాయాలి. వ్రాయాలంటే ముందు వినాలి. అమ్మమ్మను పాడమంది. అమ్మమ్మ పాడి, “నువ్వు పాడు, సరిగ్గా వస్తే అప్పుడు వ్రాసుకో” అంది. నాలుగు సాయంత్రాలు ఒక్క గాంధారం దగ్గరే కూర్చున్నారు ఇద్దరూ. తొమ్మిదేళ్ళ తరువాత ఆ పిల్ల గొంతులో స్వరం విన్నాను. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నట్టు నటిస్తూ అక్కడే ఉండిపోయాను.

ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునేవారికి రెండు ముక్కలు. ఆ కాలపు ఎడాప్టర్‌ని నమ్మవద్దు, ముప్పై ఏళ్ళ తరువాత అది ఎంత వోల్టేజి ఇస్తుందో మీటరు పెట్టి చూశాకే పెట్టెకు తగిలించండి. లోపల ఉబ్బిన కండెన్సర్లు ఉంటే మార్పించండి. కొన్ని నకలు చిప్పుల్లో చతురస్ర తరంగపు వెడల్పులు రెండు తారుమారై ఉంటాయి, మేరియో పాట మరోలా వినిపిస్తే పెట్టె చెడిపోయిందని కంగారుపడకండి. అన్నట్టు, అసలు క్యాసెట్ పెడితే మేరియో ఇప్పటికీ గెంతుతాడు. ఆట ఆటగానే ఉంది.

మనవరాలు సెలవులైపోయి హాస్టలుకు వెళ్ళింది. ఆదివారాలు ఫోనులో వర్ణం పాఠం జరుగుతోంది. ఇక్కడ చిక్కల్లా రెండో జాయ్‌స్టిక్‌తోనే. ఎడతెగని గమకాలకు పై మీట కింది రబ్బరు అరిగిపోయింది. రిచీ స్ట్రీట్‌లో నాలుగు దుకాణాలు తిరిగినా ఆ కొలతది దొరకలేదు. మీ ఇళ్ళల్లో పనిచేయని పెట్టె ఏదైనా ఉంటే పారేయకుండా సంఘం కార్యాలయంలో ఇచ్చి వెళ్ళండి. పెట్టె లేకపోయినా ఫరవాలేదు, జాయ్‌స్టిక్ చాలు.