ఫైబర్... ఒక్క మాట, వంద వేషాలు!

డాక్టరు దగ్గరికి వెళ్తే 'ఫైబర్ బాగా తినండి' అంటాడు. కేబుల్ కుర్రాడొచ్చి 'మీ వీధికి ఫైబర్ వేసేశాం' అంటాడు. ఫర్నిచర్ షాపువాడు 'ఫైబర్ కుర్చీ సార్, విరగదు' అంటూ దానిమీద ఎక్కి మరీ చూపిస్తాడు. సముద్రపు ఒడ్డుకెళ్తే జాలర్లు 'ఫైబర్ బోటు'కి ఇంజను బిగించుకుంటూ కనిపిస్తారు. తినేదీ అదే, కబుర్లు మోసుకొచ్చేదీ అదే, అలల మీద తేలేదీ అదే. ఇంతకీ ఏమిటీ ఫైబర్?

ముందుగా ఓ మాట. కుర్చీ విషయంలో మాత్రం షాపువాణ్ని నమ్మక్కర్లేదు. కరిగించిన ప్లాస్టిక్‌ని అచ్చులో పోసి తీసే ఆ కుర్చీల్లో చాలావాటిలో ఫైబర్ మచ్చుకైనా ఉండదు!

ఇంగ్లిషువాళ్లు ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట మనవాళ్లు అరడజను మాటలు వాడారు. మామిడిపండు తింటే పళ్లలో ఇరుక్కునేది పీచు. అరటి బోదె నుంచి ఒలిచి పూలు కట్టేది నార. పత్తికాయ పగిలితే దూది, వడికితే నూలు, మగ్గమెక్కితే పోగు. ఆ తర్వాత పాఠ్యపుస్తకాల వాళ్లొచ్చి 'తంతువు' అన్నారు... కండర తంతువు, దృశా తంతువు అంటూ. చేతిలో పని మారినప్పుడల్లా పేరూ మారిందన్నమాట.

అన్నిట్లోనూ ఉన్న పోలిక ఒక్కటే. ఫైబర్ అనేది ఫలానా పదార్థం పేరు కాదు, ఓ ఆకారం పేరు. సన్నగా, పొడుగ్గా ఉంటే చాలు... అది చెట్టుదైనా, గాజుదైనా, ఆఖరికి రాయిదైనా ఫైబరే. చిత్రమేమిటంటే దాని మంచీ చెడూ కూడా ఎక్కువగా ఆ ఆకారంలోంచే వస్తాయి.

చేప పళ్ల దువ్వెన

పత్తిగింజ పైపొర మీది ఒక్క కణం సాగి సాగి దూదిపోగు అవుతుంది. అవును, ఒక్కటే కణం! (మన కండరంలోని తంతువు కూడా ఇలాంటి పొడుగాటి కణమే.) వెడల్పుకన్నా పొడవు వెయ్యి రెట్లకు పైమాటే. కాయ పగిలి ఎండ తగలగానే ఆ పోగు చదునుగా అణిగి మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలే పక్కపోగుని పట్టుకుంటాయి. లేకపోతే ఎంత వడికినా దారం నిలవదు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ పనిని చూడాలి. అక్కడి ఖద్దరుకి వాడే కొండపత్తి పింజ పొట్టిది. గింజ తీయకముందే ఆడవాళ్లు ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేప పళ్ల సందుల్లోంచి సాగి వచ్చిన పోగులు చెత్త వదిలి, ఒకే వరసలోకి వస్తాయి. ఆ తర్వాత రాట్నం మీద 100 కౌంట్ దాకా నూలు తీస్తారు. మిల్లు లెక్కలో 100 కౌంట్ అంటే ఏమిటో తెలుసా? ఒక పౌను... అంటే అరకిలో కూడా లేని దూది నుంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం!

మరి అలాంటి పత్తికి 'నాసిరకం' అన్న పేరెందుకొచ్చింది? లాంకషైర్ మరలకి పొడుగు పింజ కావాలి. పొట్టిపోగు వాటి వేగానికి తెగిపోయేది. అందుకే 19వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అమెరికా పత్తిని మన నేలలో పండించాలని పట్టుబట్టి ప్రయత్నించింది. ఇప్పుడు దేశంలో పండే పత్తిలో అత్యధికం అమెరికా జాతిదే. యంత్రం ఇచ్చిన తీర్పు అది. పొందూరు చేతులు ఆ తీర్పుని ఏనాడూ ఒప్పుకోలేదు.

ఉత్తరాంధ్రలో గోగు కథ వేరు. లేత ఆకు గోంగూర పచ్చడికి, ముదిరిన కాండం నారకి. కట్టలు కట్టి చెరువులో రెండు మూడు వారాలు ఊరబెడితే నీళ్లలోని సూక్ష్మజీవులు జిగురుని తినేస్తాయి, నార ఊడి వస్తుంది. ప్లాస్టిక్ సంచి వచ్చాక దానికి గిరాకీ తగ్గింది. పచ్చడికి మాత్రం తగ్గలేదు!

గాజు వంగింది

గాజు అంటేనే పగిలేది కదా! 1920లో ఇంగ్లండు ఇంజినీరు ఏ.ఏ.గ్రిఫిత్ గాజుని లాగి లాగి పోగులు తీశాడు. అవి సన్నబడేకొద్దీ వాటి మందంతో పోలిస్తే బలం పెరుగుతూ వచ్చింది. గాజు విరిగేది ఉపరితలం మీది కంటికి కనపడని పగుళ్ల వల్ల. పోగు ఎంత సన్నగా ఉంటే పెద్ద పగులుకి అంత తక్కువ చోటు. ఆ పోగుల్ని బట్టలా నేసి, రెసిన్‌లో తడిపి, పొర మీద పొర వేస్తే పడవ తయారవుతుంది. మన తీరంలో చాలాచోట్ల కర్రతెప్పల స్థానంలోకి వచ్చిన ఫైబర్ బోటు అదే.

కాంతిని మోసే గాజుపోగు వెనక మన పంజాబీ ఒకాయన ఉన్నాడు. మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, వంకర తిరిగిన గాజుపోగుల కట్టలోంచి బొమ్మని పంపించి చూపాడు. ఆ పరిశోధన 1954లో 'నేచర్'లో అచ్చయింది. 'ఫైబర్ ఆప్టిక్స్' అన్న మాటని ప్రపంచానికి అలవాటు చేసిందీ ఆయనే. కానీ అప్పటి గాజులో కాంతి కొన్ని మీటర్లు వెళ్లేసరికే నీరసించేది. తప్పు పోగుది కాదు, గాజులోని మలినాలదని 1966లో చార్లెస్ కావ్ లెక్కకట్టాడు. కిలోమీటరు దాటాక నూటికి ఒక వంతు కాంతి మిగిలినా చాలు, టెలిఫోన్లు నడిపేయొచ్చన్నాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ ఆ హద్దు దాటింది. ఇప్పటి మంచి పోగులో కిలోమీటరు తర్వాత కూడా 95 శాతం కాంతి నిలుస్తుంది. నోబెల్ 2009లో కావ్‌ని వరించింది. కపానీకి రాలేదు. ఆయన 2020లో కన్నుమూశాక 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

జొన్నకి జరిగిన అన్యాయం

ఆకారం సూత్రం కుదరనిది వంటింట్లోనే. సబ్జాగింజల్ని నీళ్లలో వేస్తే చుట్టూ పట్టే జిగురుంది చూడండి, అదీ ఫైబరే! జామపండులోని పెక్టిన్, ఇసబ్‌గోల్ గుజ్జు కూడా అంతే. వీటిలో పీచులా కనిపించేది ఏదీ లేదు. మన చిన్నపేగు అరిగించుకోలేక పెద్దపేగుకి పంపించేసేదంతా ఆహారంలో ఫైబర్ కిందే లెక్క. అక్కడి బ్యాక్టీరియాకి అదే విందు.

ఈ తేడా తెలియక శాస్త్రమే చాలాకాలం తప్పులో కాలేసింది. 19వ శతాబ్దంలో జర్మనీలోని వేండే అనే ఊళ్లో పశువుల మేతని పరీక్షించడానికి ఒక పద్ధతి కనిపెట్టారు. గింజని ముందు ఆమ్లంలో, తర్వాత క్షారంలో ఉడికించాలి. కరగకుండా మిగిలిందే పీచు. గేదెల దాణాకి పెట్టిన ఆ పరీక్షే మనుషుల తిండికీ దాపురించింది. కరిగే ఫైబర్ అంతా ఆ మరుగులోనే పోయేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో పీచు 1.6 గ్రాములు, సజ్జల్లో 1.2, రాగుల్లో 3.6. అదే సంస్థ కొత్త పద్ధతిలో కొలిచి 2017లో వేసిన పట్టికల్లో జొన్నలకి 10.2, సజ్జలకి 11.5, రాగులకి 11.2! గింజ ఆ గింజే, కొలత మారిందంతే. మరపట్టిన బియ్యం 2.8 గ్రాముల దగ్గర ఆగింది. అంటే రోజుకి 300 గ్రాముల బియ్యం వండుకున్నా దక్కేది 8 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి కనీసం 25 కావాలంటోంది.

'హై ఫైబర్' బిస్కెట్లు కొనేముందు జొన్నరొట్టె ధర కూడా ఓసారి చూసుకుంటే మంచిది.

రాతినార

అన్ని ఫైబర్లూ ఇంత మంచివి కావు. రాయిలోంచి వచ్చే ఆస్‌బెస్టాస్‌కి తెలుగులో రాతినార అని పేరు. నేయొచ్చు, కాల్చినా కాలదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్వి తీసేవారు. సిమెంటులో కలిపితే ఇంటి కప్పు మీద రేకు.

ఇక్కడ ప్రాణం తీసేదీ ఆ ఆకారమే. కంటికి కనపడనంత సన్నం కాబట్టి గాలితోపాటు ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. దుమ్ముని మింగి శుభ్రం చేసే కణాలు దీన్ని మింగబోతే, పొడవు ఎక్కువై నోరు మూతపడదు. చచ్చేది ఆ కణమే. నార అక్కడే ఉండిపోతుంది. 20, 30, 40 ఏళ్లు గడిచాక ఊపిరితిత్తులు బిగుసుకుపోవడమో, క్యాన్సరో బయటపడుతుంది. అప్పటికి ఆ కార్మికుడు పని మానేసి ఎన్నేళ్లవుతుందో! అందుకే సుప్రీంకోర్టు 1995లో, ఈ కార్మికుల ఆరోగ్య రికార్డుల్ని పనిలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లపాటు దాచాలని ఆదేశించింది. మన ప్రభుత్వం 1986లోనే గనులకి కొత్త లీజులు ఆపేసింది. దిగుమతిని, రేకుల తయారీని మాత్రం ఆపలేదు. యాభైకి పైగా దేశాలు మొత్తంగా నిషేధించాయి. అమెరికా కూడా 2024లో క్రిసొటైల్ రకాన్ని నిషేధించింది.

కదలకుండా ఉన్న రేకుతో భయం తక్కువ. కోసినా, చిల్లులు పెట్టినా, పాతబడి పొడి రాలుతున్నా ప్రమాదం. పాత ఇల్లు కూల్చేటప్పుడు సుత్తితో పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకుని రేకుగానే దించాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, దుమ్ముని వడకట్టే మాస్కు కావాలి. చీపురు పట్టకూడదు. ముక్కల్ని తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డతో సహా మందపాటి సంచిలో మూతికట్టేయాలి.