అటకెక్కిన పడక్కుర్చీ

తాతగారి పడక్కుర్చీ కాలు ఊడిందని పాత సామాన్లవాడికి వేసేస్తాం. చండీగఢ్‌లో ప్రభుత్వ కార్యాలయాలూ ఒకప్పుడు అదే పని చేశాయి. తర్వాత ఆ కుర్చీలే విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాయి! వాటిలో ఏముంది? మన ఇంటి కుర్చీని మళ్లీ నిలబెట్టుకోవడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే ఉరవకొండలో మధ్యాహ్నం పూట గడప దాటబుద్ధి కాదు. అనంతపురం నుంచి బళ్లారి వెళ్లే దారిలో, పడగ విప్పిన పాములా కనిపించే కొండ పక్కన ఉన్న ఊరిది. 'ఉరగకొండ' అన్న మాటే ఉరవకొండ అయిందంటారు. ఏడాది మొత్తానికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ. ఇలాంటి చోట ఎండ చల్లబడ్డాక ఇంటిపెద్ద చేరే చోటు ఒక్కటే... వసారాలోని పడక్కుర్చీ!

కర్ర చట్రం, నడుం వాల్చడానికి పేము అల్లికో మందపాటి గుడ్డో. కొన్నింటికైతే కాళ్లు చాపుకోవడానికి ముందుకు జరిగే పొడవాటి చేతులు కూడా. పేపరు చదవడం, పంచాయితీ తీర్చడం, కునుకు తీయడం... అన్నీ అందులోనే. అది ఖాళీగా ఉన్నా పిల్లలు కూర్చోవడానికి జంకేవారు.

1990ల నుంచి ప్లాస్టిక్ కుర్చీలు ఇంటింటికీ వచ్చేశాయి. తేలిక, చవక, ఒకదానిమీద ఒకటి పేర్చుకోవచ్చు. దాంతో పడక్కుర్చీ వసారా నుంచి పెరట్లోకి, అక్కణ్నుంచి అటక మీదకు చేరింది. ఆ తర్వాత మజిలీ పాత సామాన్ల తోపుడుబండి. ఒక్క క్షణం... దాన్ని దించే ముందు చండీగఢ్ సంగతి తెలుసుకోవాలి.

చెత్త అనుకుంటే...

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పంజాబ్‌కు రాజధానిగా చండీగఢ్‌ను కట్టారు. లె కార్బూజియే ప్రణాళిక గీస్తే, ఆయన దాయాది పియెర్ జాన్నెరె 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉండి పని చూసుకున్నారు. కొత్త ఆఫీసులకు, కాలేజీలకు, కోర్టుకు వేల సంఖ్యలో కుర్చీలు కావాలి. ఖర్చు తగ్గాలి, స్థానిక వడ్రంగులు చేయగలగాలి, ఉక్కపోతకు తట్టుకోవాలి. అందుకే టేకు చట్రం, పేము అల్లిక. తిరగేసిన 'వి' అక్షరంలాంటి కాళ్లు. చెక్కడాల్లేవు, నగిషీల్లేవు. భారతీయ ఆర్కిటెక్ట్ యూలీ చౌదరి లాంటివారూ ఆ పనిలో పాలుపంచుకున్నారు.

దశాబ్దాలు గడిచేసరికి పేము తెగింది, కాళ్లు ఊగాయి. ఆఫీసులవాళ్లు వాటిని డాబాల మీద గుట్టలుగా పోసి, పాత సామాను కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయి, బాగుచేయించి పారిస్, లండన్, న్యూయార్క్‌లలో అమ్మారు. అప్పటికే అక్కడ 1940ల నుంచి 60ల దాకా వచ్చిన సాదాసీదా ఆధునిక ఫర్నిచర్‌కు గిరాకీ మొదలైంది. 'మిడ్ సెంచురీ మోడ్రన్' అని దానికో పేరు కూడా. అమెరికాలో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1956లో తెచ్చిన వాలు కుర్చీ ఆ కోవలో అందరికన్నా ప్రసిద్ధి. వంచిన ప్లైవుడ్, తోలు మెత్తలతో అది నేటికీ తయారవుతోంది. ఆ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికే అహ్మదాబాద్‌లో 1961లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టడానికి దారితీసింది.

చండీగఢ్ కుర్చీల విషయంలో ఏం పోయిందో తెలిసేసరికి ఆలస్యమైంది. వాటిని అమ్మకూడదనీ, దేశం దాటించకూడదనీ కేంద్ర హోంశాఖ 2011లో ఆదేశించింది. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం లెక్కలో ఇలాంటి వస్తువు ప్రాచీనమైనది అనిపించుకోవాలంటే వందేళ్లు నిండాలి. 1950ల కుర్చీకి ఆ వయసెక్కడిది? అందుకే ఎప్పుడో బయటికి వెళ్లినవి విదేశాల్లో దర్జాగా చేతులు మారుతూనే ఉన్నాయి. చండీగఢ్‌లోని కాపిటల్ కాంప్లెక్స్ భవనాలకు 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటిలో ఉండాల్సిన కుర్చీలు మాత్రం ఎవరెవరి డ్రాయింగ్ రూముల్లోనో ఉన్నాయి!

ఇక్కణ్నుంచే వెళ్లి...

తమాషా ఏంటంటే, ఈ ఆధునిక కుర్చీల వంశవృక్షంలో ఓ వేరు మన దేశంలోనే ఉంది. 19వ శతాబ్దం చివర్లో రూర్కీలోని సైనిక ఇంజినీర్లు శిబిరాల కోసం ఓ కుర్చీ తయారుచేశారు. జిగురు లేదు, మేకు లేదు. గుండ్రటి కర్రల్ని బెజ్జాల్లో దూర్చి, కాన్వాసు గుడ్డ, తోలు పట్టీలు బిగించడమే. విప్పితే చిన్న మూట. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు కాళ్లూ సర్దుకుని ఆనుతాయి.

1933లో డెన్మార్క్ డిజైనర్ కారె క్లింట్ చేసిన సఫారీ కుర్చీకి ఇదే మూలం. అంతకు అయిదేళ్ల ముందు కార్బూజియే, జాన్నెరె, షార్లెట్ పెరియాండ్ కలిసి రూపొందించిన ఊగే వీపు కుర్చీలోనూ దీని పోలికలున్నాయి. అంటే జాన్నెరె మనదేశం రాకముందే మన కుర్చీ ఆయన దగ్గరకు వెళ్లిందన్నమాట!

పుదుచ్చేరిలో గోల్కొండ

వాడుతూ కాపాడుకోవడం ఎలాగో చూడాలంటే పుదుచ్చేరి వెళ్లాలి. అరవిందాశ్రమంలో 'గోల్కొండ్' అనే వసతిగృహం ఉంది. 1930ల చివర్లో, హైదరాబాద్ సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవతో వచ్చిన విరాళమే దాని నిర్మాణానికి అండ. అందుకే మన గోల్కొండ పేరు పెట్టారు. ఆర్కిటెక్ట్ ఆంటోనిన్ రేమండ్ తరఫున పని చూడటానికి వచ్చిన జార్జ్ నకషిమా అనే యువకుడు గదులకు కావాల్సిన టేకు సామాను కూడా రూపొందించాడు. తర్వాత అమెరికాలో చెక్కపనికి ఆయన పేరే ఓ కొలమానం అయింది. గోల్కొండ్ మాత్రం మ్యూజియం కాలేదు. ఇప్పటికీ మనుషులు ఉండే ఇల్లే. వస్తువును అద్దాల బీరువాలో దాచినప్పుడే కాదు, రోజూ తుడిచి వాడుకున్నా అది నిలుస్తుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

గాలే శత్రువు

ఇక మన అటక దగ్గరకు వద్దాం. కోస్తాలో చెక్కకు చెమ్మ, బూజు బెడద. అనంతపురం వైపు గొడవ వేరు. పొడిగాలికి చెక్కలో తేమ ఆరిపోయి కుంచించుకుపోతుంది. బెజ్జాల్లో బిగుతు తగ్గి కుర్చీ ఊగడం మొదలవుతుంది. అప్పుడు చాలామంది చేసే పని... ఓ మేకు దిగ్గొట్టడం. చెక్క చీలేది అక్కడే!

పాత వడ్రంగులు ఎక్కువగా వాడింది సరేసు. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురది. దానిలోని గొప్ప గుణం, వేడినీటి తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అతుకును విరగ్గొట్టకుండా విప్పి, పాత జిగురు గీకి, కొత్తది పూసి, ఆరేదాకా తాడుతో బిగించి కడితే చాలు. అంటే ఆ కుర్చీని చేసేటప్పుడే రేపటి మరమ్మతుకు దారి వదిలారన్నమాట. అచ్చుపోసిన ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగితే ఆ దారి లేదు.

రెండో పొరపాటు రంగు. పాతగా ఉందని ఉప్పుకాగితంతో తెల్లగా గీకేసి ఎనామిల్ పెయింటు కొట్టేస్తారు. ఏళ్ల తరబడి చేతులు రాసుకుని తేరిన రంగు అలా పోతే తిరిగి రాదు. కనిపించని మూల కాస్త స్పిరిట్ దూదితో అద్ది చూడండి. జిగటగా కరిగితే అది లక్కతో చేసే చపడా పాలిష్. దుమ్ము తుడిచి, మళ్లీ అదే పాలిష్ పలచగా పట్టిస్తే సరిపోతుంది.

ఆరు వరసల అల్లిక

అసలు కష్టం పేముది. దాన్ని నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక అల్లాలి. మగ్గం తెలిసినవారికి ఇది అర్థమవుతుంది. పడుగులా నిలువు వరసలు రెండు, పేకలా అడ్డం వరసలు రెండు, ఆపైన ఐమూలగా అటొకటి ఇటొకటి. మొత్తం ఆరు. పూర్తయ్యాక ఎనిమిది మూలల కన్నాలు తేలతాయి. ఆరేకొద్దీ పేము లాక్కుని డప్పులా బిగుస్తుంది. ఎండాకాలంలో అప్పుడప్పుడూ అడుగువైపు తడిగుడ్డతో అద్దుతుంటే పెళుసెక్కి తెగదు.

ఈ పనికి కళ్లకన్నా వేళ్లు ముఖ్యం. అందుకే అంధుల పాఠశాలల్లో కుర్చీల అల్లిక నేర్పేవారు. ప్రభుత్వ శాఖల్లో దానికంటూ ఉద్యోగాలూ ఉండేవి. ఆఫీసుల్లోకి రెగ్జిన్, ప్లాస్టిక్ వచ్చాక ఆ పని తగ్గింది. కుర్చీలు పోతే కర్ర పోయిందంటే సరే, దాంతోపాటు చూపులేని చేతులకు అన్నం పెట్టిన విద్య కూడా పోతోంది. విలువ తెలిసి వెతుక్కునేసరికి కుర్చీ దొరకొచ్చు, అల్లేవాళ్లు దొరకరు.

సేకరించాలనే సరదా ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. చండీగఢ్ కుర్చీలకు నకళ్లు కోకొల్లలు. అసలు వాటిమీద చాలాచోట్ల శాఖ పేరు, నంబరు రంగుతో రాసి ఉంటాయి. అయితే ఆ రాతనూ నకలు చేసేవాళ్లున్నారు! ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చిందో కాగితం చూపలేని వస్తువుకు దూరంగా ఉండటమే మేలు.

ఉరవకొండ అటక మీది పడక్కుర్చీకి ఏ పారిస్ వేలంలోనూ లక్షలు రాకపోవచ్చు. అది ఏ పేరున్న డిజైనరూ గీసింది కాదు. కానీ లక్షలు పోసి కొనేవాళ్లు చూస్తున్న గుణాలు దానిలోనూ ఉన్నాయి. గట్టి కర్ర, సాదా రూపు, నడుముకు సుఖం, విరిగితే బాగుచేసుకునే వీలు. కాబట్టి తోపుడుబండిని పిలిచే ముందు వడ్రంగిని పిలవండి. కుర్చీ మళ్లీ వసారాలోకి వచ్చాక మొదట ఎవరు కూర్చోవాలన్న పేచీ మాత్రం... మీ ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి!