క్షమించుట – అప్పగించుట



కొన్నేండ్ల క్రిందట ఒక దేవాలయ ధర్మకర్త నన్ను ఇట్లు ప్రశ్నించినారు. నిత్యదీపారాధనకై భక్తులిచ్చిన నూనె సొమ్మును అచటి గుమాస్తా సొంతమునకు వాడుకొన్నాడు. పట్టుబడినాడు, కంట తడిపెట్టినాడు, పైసలతో సహా చెల్లించినాడు. "క్షమించితిమి అన్నప్పుడు తాళపుచెవులు నాకే ఇయ్యవలెను గదా" అని అడుగుచున్నాడట. ఇయ్యనిచో ఆ క్షమ కపటము కాదా అని ధర్మకర్తగారి సందేహము.

శ్రీమద్భాగవత ప్రథమస్కంధమును స్మరింపుడు. నిద్రలోనున్న ఉపపాండవులను అశ్వత్థామ వధించినాడు. అర్జునుడు వానిని త్రాళ్లతో బంధించి తెచ్చి ద్రౌపది యెదుట నిలిపినాడు. ఐదుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి! అయినను ఆమె, గురుపుత్రుడు, విడువుడన్నది. తనవలె వీని తల్లి కృపి ఏడువరాదన్నది. భీమసేనుడు చంపవలసినదే యన్నాడు. ఇరువురి మాటయు నిలుచునట్లు చేయుమన్న కృష్ణుని ఆంతర్యమును గ్రహించి, అర్జునుడు వాని శిరోమణిని కేశములతో సహా కోసి, శిబిరమునుండి వెడలగొట్టినాడు.

ప్రాణము దక్కినది, మణి దక్కలేదు. సౌప్తికపర్వమున కథ కొంత వేరుగా నడచినను, అక్కడను మణి వానివద్ద మిగులలేదు. ధర్మరాజు శిరస్సునకు చేరినది. ఆ మణిని ధరించినవానికి శస్త్రభయము లేదు, వ్యాధిభయము లేదు, ఆకలిభయము లేదు. ఏ భయమును లేనివానిని మరల జనుల మీదికి వదలుట ఎట్లు? పుత్రశోకము ద్రౌపదిది, కనుక క్షమించు హక్కు ఆమెది. రేపు వాని చేతిలో పడబోవు పరుల బిడ్డల తరపున క్షమించు హక్కు ఆమెకెక్కడిది? నూనె సొమ్మును అట్టిదే. అది ధర్మకర్తగారి సొత్తు కాదు.

అట్లని తలుపు శాశ్వతముగా మూయుటయు ధర్మము కాదు. ఆ కాళరాత్రి కృపాచార్యుడు శిబిరద్వారమున కాపు నిలిచినవాడే! (ఈ సంగతి మనవారు తరచు మరచెదరు.) యుద్ధానంతరము ముప్పదియారేండ్లు గడచి, మహాప్రస్థానమునకు బయలుదేరునపుడు ధర్మరాజు పరీక్షిత్తును ఆయనకే శిష్యునిగా అప్పగించినాడు. రాజ్యభారమును చూచు పనిని మాత్రము యుయుత్సునకిచ్చినాడు. విద్య ఒకరికి, రాజ్యము ఒకరికి! ధర్మజుని తూకము ఎంత సూక్ష్మమో చూడుడు.

ధర్మకర్తగారికి నేను చెప్పినది ఇది: అతనిని పంక్తిలో కూర్చుండబెట్టుడు. తీర్థము, శఠారి ఎప్పటివలెనే ఇప్పింపుడు. జరిగినదానిని ఎవ్వరును ఎత్తిపొడువరాదు. పూలతోట పని అప్పగింపుడు. తాళపుచెవులు మాత్రము వేరొకరి వద్ద నుండవలెను.

గుమాస్తా కోపించి ఆరునెలలు గుడి మెట్లెక్కలేదట. అటుపిమ్మట నేను వెళ్లినపుడు వేకువజామున మండపములో కూర్చుండి తులసిమాల కట్టుచున్నాడు. తాళపుచెవుల మాట మరల ఎత్తినాడో లేదో నేనడుగలేదు.