పెన్నేటి ఇసుక ఏనాటిది?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో పెన్న ఒడ్డున బావి త్రవ్వించిన పంచాయతీ సభ్యులు ఒక సంగతి గమనించియే యుందురు. ఇసుక, దాని క్రింద ఒండ్రు, మరల ఇసుక, గులకరాళ్లు, ఇట్లు పొరలు పొరలుగా వచ్చును. ఇవి నది వ్రాసికొన్న జమాఖర్చుల వంటివని మేము తలచుచున్నాము.

సుమారు 20 వేల ఏండ్ల క్రిందట భూమి మిక్కిలి చల్లబడి, ఉత్తర ఖండములలో మంచు కొండలవలె పేరుకొన్నది. నీరంతయు మంచుగా మారుటచే సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగినది. మన సీమను మంచు కప్పలేదు. కాని నైఋతి ఋతుపవనము బలహీనపడినది.

వాన తగ్గినచో ఏటిలో మట్టియు తగ్గునని తలచరాదు. గట్లపై పచ్చిక పలుచబడును. ఎప్పుడో కురిసిన జడివాన వట్టి నేలను కోసి ఏటిలోనికి త్రోయును. దానిని మోయుటకు చాలినంత ప్రవాహము లేక ఏరు దారిలోనే దించివేయును. అడుగు పూడి ఎత్తగును. సుమారు 11 వేల ఏండ్ల క్రిందట మంచుయుగము ముగిసి, ఋతుపవనము పుంజుకొన్న పిమ్మట పని తారుమారైనది. చెట్టుచేమలు నేలను పట్టియుంచినవి. నీరు సమృద్ధిగా వచ్చి, ఏరు తాను వేసిన మేటనే తాను కోసికొని దిగినది. నర్మద, గంగ లోయలలో నేటి వరద ఎక్కని పాత ఒండ్రు గట్లు ఇట్లే మిగిలినవి. గండికోట గండిని మాత్రము ఈ లెక్కలో చేర్చరాదు. అంతటి గట్టిరాతిని కోయుటకు ఈ కొద్ది వేల ఏండ్లు ఏ మూలకు?

మనకు దాపుననే, కుందూ పరీవాహమున, బనగానపల్లె వద్ద జ్వాలాపురములో, సుమారు 74 వేల ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము వెదజల్లిన బూడిద పొర యున్నది. జుర్రేటి లోయ మట్టి దానిని కప్పి కాపాడినది. ఆ పొరకు క్రిందను, పైనను మానవుల రాతి పనిముట్లు దొరికినవి.

పంచాయతీకి దీనితో పనియేమి? ఇసుక పొర నీటిని దాచెడు గాదె. వరదనాడు త్రాగి, వేసవిలో ఒడ్డు బావులకు ఇచ్చును. ఆ గాదె నిండుటకు వేల ఏండ్లు పట్టినది. నేడు ఎగువనున్న గండికోట, మైలవరము జలాశయములు ఇసుకను ఆపుచున్నందున, ప్రొద్దుటూరు వద్ద తీసిన గుంట మునుపటివలె నిండదు. పులివెందుల వైపున వేంపల్లె మీదుగా పోవు పాపాఘ్ని ఒడ్డు గ్రామములకును ఇసుకయే నీటి మూలధనము. భూగర్భజలమునకు హాని కలుగుచోట ఇసుక త్రవ్వకమును నిషేధించుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టమున వీలు కలదు.

వేసవి ప్రారంభమున ఒకసారి, వరద తీసిన పిమ్మట ఒకసారి, వంతెన స్తంభముపై ఇసుకమట్టమునకు గీత పెట్టించి, దాపు బావి నీటిమట్టముతోపాటు పంచాయతీ పుస్తకమున వ్రాయించినచో, అర్జీ పెట్టవలసిననాడు చేతిలో ఆధారముండును.